పిడికిలిలో ఎనిమిది నెలలు

సహోదరులారా, ఎనిమిది నెలల పాటు నేను ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోలేదు. పాపం చేసి కాదు, ఎవరి మీదో పగ పెట్టుకుని కాదు, నా కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి తెరుచుకోలేదు గనుక! ఆ ఎనిమిది నెలలు నేను ఎంత ఒంటరిగా ఉన్నానో, దేవుడు ఆ పిడికిలిని ఎలా తెరిపించాడో మీకు చెప్పాలి.

నా పేరు సరోజ. కోయంబత్తూరులో మన తెలుగువాళ్ళ పాత వీధిలోనే పుట్టి పెరిగాను, తెలుగు మాట్లాడతానే గాని అక్షరం రాదు, మేమంతా అరవ బడిలో చదివినవాళ్ళం కదా, అందుకని నేను చెబుతూ ఉంటే మా పాస్టరమ్మ గారు రాస్తున్నారు, ఆవిడ నెల్లూరు వైపు మనిషి, నేను 'సెయ్యి' అంటే 'చెయ్యి' అని దిద్ది రాస్తారు, దిద్దుకోనివ్వండి, సంగతి మాత్రం నాదే.

నాకు పిల్లలు లేరు. మా ఆయన ప్రభువు నందు నిద్రించి ఆరేళ్ళయింది. గాంధీపురం బస్టాండు దగ్గర ఒక మెస్సులో ఇరవై రెండేళ్ళు వడ్డించాను, ఎంతమంది ఆకుల్లో అన్నం పెట్టానో ఆ దేవునికే తెలుసు, ఎవరి ముందూ చెయ్యి చాపలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ఒక మధ్యాహ్నం సాంబారు బకెట్టు పట్టుకుని వరసలో పోతున్నాను, గరిటె చేతిలోంచి జారి ఒకాయన ఒళ్ళో పడింది, ఆయన తిట్టాడు, తిరిగి తిడదామంటే నాకు నోరు రాలేదు! నాకు నోరు రాకపోవడం అదే మొదటిసారి, అక్కడే పడిపోయాను.

ఆసుపత్రిలో స్ట్రోక్ అన్నారు. మాట పది రోజుల్లో వచ్చింది, కాలు మెల్లగా వచ్చింది, కుడి చెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడుచుకుని, వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని అలాగే ఉండిపోయింది. గోళ్ళు లోపలికి గుచ్చుకునేవి. మెస్సు యజమాని మంచివాడు, చెయ్యి బాగయ్యాక రమ్మన్నాడు, కానీ ఎడమ చేత్తో వడ్డిస్తే ఎవరు తింటారు? నేనైనా తినను. బస్సులో కండక్టరు టికెట్ ఇస్తే ఎడమ చెయ్యి, కొట్టులో సరుకు అందుకుంటే ఎడమ చెయ్యి, ప్రతిచోటా 'తప్పుగా అనుకోవద్దు, ఈ చెయ్యి రాదు' అని చెప్పుకోవాలి, చెప్పి చెప్పి విసుగొచ్చి బయటికి పోవడమే తగ్గించేశాను.

ఇక రొట్టె సంగతి. నెలకోసారి రొట్టె పంచే ఆదివారాన్ని మేము బల్ల ఆదివారం అంటాం, స్ట్రోక్ తర్వాత వచ్చిన మొదటి బల్ల ఆదివారం పాస్టరయ్య గారు పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు, నేను పిడికిలిని పైట కింద దాచుకుని తల వంచుకున్నాను. ఆయనకు అర్థమై "ఎడమ చెయ్యి కూడా దేవుడు చేసిందేనమ్మా, చాపండి" అన్నారు. ఏ చేత్తో ఒళ్ళు కడుక్కుంటానో ఆ చేత్తో ప్రభువు శరీరాన్ని ఎలా పట్టుకుంటాను? పోనీ నోట్లో పెడతానన్నారు. ఇంతమందికి అన్నం పెట్టినదాన్ని, సంఘమంతా చూస్తుండగా చంటిపిల్లలా నోరు తెరవాలా? వద్దన్నాను. మరుసటి నెలా వద్దన్నాను. వెనక వరసలో ఇద్దరు గుసగుసలాడుకున్నారు, సరోజకు ఏదో ఒప్పుకోని పాపం ఉందని. మూడో నెల నుంచి ఆరాధనకే పోలేదు.

సహోదరీలారా, ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం కాదని నాకు అప్పుడు తెలిసింది. మా వీధి నిండా మనుషులే, కానీ ఇప్పటి పిల్లలు అరవమే మాట్లాడతారు, మా ఆయన పోయాక ఇంట్లో తెలుగు వినేవాళ్ళు లేరు, ఆరాధన మానేశాక ఆ మాట నా నోట ప్రార్థనలో తప్ప రాలేదు. పొద్దున పక్కింటి మిక్సీ ఆగిపోతే నాకు భయం వేసేది, ఇంక సాయంత్రం దాకా చప్పుడు ఉండదు కదా అని! ఆ దినాల్లో నేను అడిగింది ఒక్కటే, నడక కాదు, పని కాదు, ఒక్కసారి ఈ కుడి చేతిలో రొట్టె ముక్క పట్టించు ప్రభువా అని.

అలా ఉండగా నన్ను చూసే డాక్టరు గారు ఒక కొత్త మెషిను వచ్చింది, చేరతావా అని అడిగారు. తలకు వైర్లున్న టోపీ పెడతారు, దాని కింద చల్లటి జిగురు పూస్తారు, చేతికి మోటారు ఉన్న తొడుగు తొడుగుతారు. ఎదుట స్క్రీన్ మీద పచ్చ గుర్తు రాగానే మనం చెయ్యి తెరవాలని గట్టిగా అనుకోవాలి, అలా అనుకుంటే తలలో సన్నటి కరెంటు పుడుతుందట, టోపీ దాన్ని పట్టుకుంటే తొడుగు మన వేళ్ళను విప్పుతుందట, అలా మళ్ళీ మళ్ళీ జరిగితే తెగిపోయిన దారి కొంతైనా పడవచ్చునని చెప్పారు. తల అడగకపోతే మాత్రం తొడుగు కదలదు. ఇది దేవుడు పంపిందేనని ఎగిరి గంతేసినంత పనిచేశాను!

ఆరుసార్లు పోయాను. ఆరుసార్లూ తొడుగు కదలలేదు. పక్క కుర్చీలో కూర్చున్న ముసలాయనకు రెండో రోజే తెరుచుకుంది, ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది, దేవుడు కూడా నన్ను వద్దనుకున్నాడేమో అనిపించింది. ఏడోసారి పచ్చ గుర్తు రాగానే ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని గొణుక్కున్నాను, "యేసప్పా, ఈ సెయ్యి తెరిసి పెట్టప్పా, నీవే తెరవాల, నాకి ఇంకెవురుండారు?"

టోపీ పెట్టే ఫిజియో పిల్ల నిత్య అప్పటిదాకా నాతో అరవమే మాట్లాడేది. ఆ రోజు దగ్గరికి వచ్చి వంగి, "అమ్మా, గురుతు వచ్చినప్పుడు జెబం సేస్తుండారా?" అంది.

గబుక్కున కళ్ళు తెరిచాను. "నీకి ఈ మాట తెలుసునా, కణ్ణు, నా తల్లీ?"

"మా ఇంట్లో ఇదే మాటంగమ్మా. ఉడుమలైపేట పక్కన తోట మాది." అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీరు సామిని అడుగుతుండారు, సెయ్యిని అడగలే. సామిని అడిగితే మెషినుకి తెలవదమ్మా. జెబం ముందరే సేసుకోండి. గురుతు వచ్చినప్పుడు మీరే తెరవాల."

బొట్టు పెట్టుకున్న పిల్ల నన్ను ప్రార్థన మానమంటుందా! నాకు ఒళ్ళు మండిపోయింది. "నా దేవుణ్ణి ఇడిసిపెట్టమని సెప్పేదానికి నీవెవురు?" అని కేకలేసి, ఎడమ చేత్తో టోపీ పీకేసి, జుట్టంతా జిగురుతో బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. నన్ను చూసి ఎంతమంది నవ్వుకున్నారో!

రెండు వారాలు పోలేదు. ఒక మధ్యాహ్నం నేల మీద కూర్చుని దేవునితో పోట్లాడాను. "యేసప్పా, నేను అడుగుతానే ఉండాను, నీవు పలకకనే ఉండావు, ఇంక నేను ఏమి సేసేది?" పైనుంచి శబ్దం రాలేదు, ఒంట్లో వేడి పుట్టలేదు, వచ్చిందని చెబితే సాక్ష్యానికి బాగుంటుంది గాని నేను అబద్ధం చెప్పను. చెయ్యి ఎండిపోయిన మనిషిని ప్రభువు స్వస్థపరచిన సంగతి మాత్రం గుర్తొచ్చింది. ఎన్నిసార్లు విన్నానో, ఒక్కసారీ పట్టించుకోలేదు, ప్రభువు ఆ చేతిని ముట్టుకోలేదు, చాపమన్నాడు, చాపింది ఆ మనిషే! నేనేమో స్ట్రోక్ వచ్చిన రోజు నుంచి ఈ చెయ్యి చచ్చిపోయిందని లెక్క కట్టి పైట కింద దాచాను, నువ్వే తెరువు అని దేవుని మీద పెట్టి, నా పక్కనుంచి ఒక్కసారి కూడా తెరవాలని పూనుకోలేదు. సిగ్గుతో చాలాసేపు ఏడ్చాను.

మర్నాడే పోయి నిత్యను క్షమాపణ అడిగాను. ఆ పిల్ల నవ్వేసి, "మా పాటి కూడా ఇంతేంగమ్మా, కోపం వస్తే చాలు చెప్పులు మరిసి ఎళ్ళిపోతది" అంది వాళ్ళ అవ్వను తలచుకుని. కూర్చోబెట్టి టోపీ పెట్టింది. నేను ముందే ప్రార్థన చేసుకున్నాను, గుర్తు రాగానే వడ్డించడం తలచుకున్నాను, నా చేతికి తెలిసిన పని అదే కదా. కదలలేదు. "గరిటె పట్టుకోవాలంటే మూయాల కదమ్మా, తెరిసే పని తలుసుకోండి" అంది.

తెరిచే పని! ఎవరి ముందూ చెయ్యి చాపనిదాన్ని, నా చేతికి తెరిచే పని ఏం తెలుసు? ఒక్కచోటే నేను చెయ్యి చాపింది, ప్రభువు బల్ల దగ్గర. పచ్చ గుర్తు వచ్చింది. పళ్ళెం వస్తున్నట్టు, నా వేళ్ళు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నట్టు అనుకున్నాను, ప్రార్థన చేయలేదు, తెరిచాను.

తొడుగు గర్‌మంటూ కదిలింది సహోదరులారా! ఆరు నెలల తర్వాత నా అరచెయ్యి నాకు కనిపించింది, తెల్లగా చెమ్మగిల్లి, గోటి గాట్లతో, కంపు కొడుతూ. నిత్య దాన్ని తన ఒళ్ళో పెట్టుకుని దూదితో తుడిచింది. వాళ్ళ ఊరి వైపు తోటల్లో మా అమ్మమ్మ కూలికి పోయేది, దాహమంటే అంటుకోకుండా ఎత్తు నుంచి దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళట. ఆ వైపు పిల్ల నా అరచెయ్యి తుడుస్తుంటే నేను బిగ్గరగా ఏడ్చేశాను. ఇన్ని నెలల్లో ఆ చేతిని ప్రేమగా ముట్టుకున్న మనిషి ఆమే.

ఆ తర్వాత వారానికి మూడుసార్లు పోయాను. ఇప్పుడు తొడుగు లేకుండానే నాలుగు వేళ్ళు విప్పగలను, బొటనవేలు రాదు, గరిటె పట్టలేను, మెస్సుకు తిరిగి పోలేదు, ఇంట్లో ఇప్పటికీ నేనొక్కదాన్నే. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

పోయిన బల్ల ఆదివారం ఆరాధనకు వెళ్ళాను. వేళ్ళు తెరుచుకోకపోతే ఎడమ చెయ్యే చాపుతానని ఇంట్లోనే నిశ్చయించుకుని బయలుదేరాను, నాకు రొట్టె కావాలి, గొప్ప వద్దు. పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి కంగారుతో పిడికిలి మళ్ళీ బిగుసుకుంది. పాస్టరయ్య గారు పళ్ళెం పట్టుకుని ఆగారు, సంఘమంతా ఆగింది. మెల్లగా ఒక్కో వేలూ విప్పాను, చెయ్యి గాలిలో నిలవడం లేదు, అప్పుడు నా ఎడమ చెయ్యి దానంతట అదే వచ్చి కుడి చేతి కింద నిలబడింది. ఇన్నాళ్ళూ నేను అసహ్యించుకున్న చెయ్యి! ఆ రెండు చేతుల్లో పాస్టరయ్య గారు ప్రభువు రొట్టె పెట్టారు, కింద పడలేదు.

మెషిను చేసినవాళ్ళకు తెలివి ఇచ్చినవాడు, ఆ పిల్ల నోట నా ఇంటి మాట పెట్టినవాడు నా దేవుడే, మహిమంతా ఆయనకే! నాలాగా ముఖం చెల్లక ఇంట్లో గడియ పెట్టుకుని కూర్చున్న సహోదరుడా, సహోదరీ, ఆయన్ని నమ్ముకుని లేచి రండి. వెనక బెంచీలో నా పక్కన చోటు ఖాళీగానే ఉంది. పళ్ళెం వచ్చినప్పుడు మీ చెయ్యి నిలవకపోతే, కింద నా ఎడమ చెయ్యి పెడతాను.