మా అత్తగారు విప్పి బిగించిన ఇంజను

మా అత్తగారు పోయి ఈ రోజుకు ఇరవై రెండు రోజులు. నరసరావుపేట దగ్గరి పల్లెలో నేను పనిచేసే బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా మా ఆయన ఫోన్ చేశారు. "అమ్మ పోయింది. అన్నం తిని పడుకుంది, మళ్ళీ లేవలా" అన్నారు. పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో ఆగి నా ముఖంలోకి చూశారు. వాళ్ళను పక్క టీచరుకు అప్పజెప్పి ఆటో ఎక్కాను.

నేను వెళ్ళేసరికి వీధిలో జనం ఉన్నారు. దూరపు చుట్టం ఒకావిడ, ఎవరు పోయారో తెలియక, వాకిట్లో నిలబడ్డ మనిషిని అడుగుతోంది. "స్కూటర్ ఇంజను విప్పి బిగించింది చూడు, ఆ పెద్దామె" అని చెప్పాడతను. ఆ మాట విన్న తర్వాతే నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఆ స్కూటర్ని పాత ఇనుముకు ఇచ్చేద్దామని మనిషిని పిలిచింది నేనే.

ఏడేళ్ళ కిందటి సంగతి. మా మామగారు పత్తి మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా ఆయన పుట్టిన ఏడు కొన్న స్కూటర్ ఆయనది. ముప్పై అయిదేళ్ళు దాన్ని మరొకరి చేతికివ్వలేదు. ప్లగ్గు తుడవడం, కార్బురేటర్ విప్పి కడగడం, క్లచ్ తీగ మార్చడం లాంటి పనులన్నీ ఇంటి వరండాలోనే చేసుకునేవారు. ఆయన కింద కూర్చుంటే మా అత్తగారు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని అడిగిన స్పానర్ అందించేది. ఒక్క బోల్టు కూడా ఆవిడ ఎప్పుడూ తిప్పలేదు. అందించడమే.

ఆ ఏడు వానాకాలంలో ఒక ఉదయం మామగారు పళ్ళు తోముకుంటూ కూలబడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మా ఆయన ఆ స్కూటర్ మీదే తిరిగారు. ఆ బండికి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఆ హడావిడిలో ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. వట్టి పెట్రోల్ మీద నాలుగైదు రోజులు నడిచి, ఒకనాడు ఓవర్ బ్రిడ్జి ఎక్కుతూ ఇంజను పట్టేసింది. లోపల పిస్టన్ బిగుసుకుపోయింది. కిక్ కొడితే కిందికి దిగలేదు. తోసుకుంటూ తెచ్చి వరండాలో పెట్టారు.

మామగారు ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకునేవారు. చేతులూ కాళ్ళూ ఆడించే కసరత్తు రోజూ చేయించాలని, మాట కొద్దికొద్దిగా రావచ్చని డాక్టర్ చెప్పారు. కసరత్తు చేయించే అతను వస్తే ఈయన కళ్ళు మూసుకునేవారు. అన్నం నాలుగు ముద్దలు. మమ్మల్ని చూడటం ఇష్టం లేదనిపించేది. నలభై రోజులు అలాగే గడిచాయి.

ఇల్లు చిన్నది. వరండాలో సగం స్కూటరే. చక్రాల కుర్చీ తిప్పడానికి చోటు లేదు. నేను ఎవరికీ చెప్పకుండా, పాత ఇనుము కొనే అతన్ని ఆదివారం రమ్మన్నాను. అతను బండి హ్యాండిల్ పట్టుకోగానే మా అత్తగారు లోపల్నుంచి వచ్చి స్కూటర్ కాళ్ళు పెట్టుకునే రేకు మీద కూర్చుంది.

"ఎవరు పిలిచారయ్యా నిన్ను?" అంది.

అతను నావైపు చూడబోయి, ఏమనుకున్నాడో, "ఎవరూ లేదమ్మా, బండి పడుంటే చూసొచ్చా" అన్నాడు.

"పడి లేదు. దీనికి పనుంది. పోయిరా."

ఆ మధ్యాహ్నం మా ఆయన చేత మామగారి మంచాన్ని వరండాలోకి మార్పించింది. గాలి కోసం అనుకున్నాను. మర్నాడు బడి నుంచి వచ్చేసరికి స్కూటర్ పక్క రేకు ఊడి ఉంది. మామగారి స్పానర్లుండే బిస్కెట్ల డబ్బా తెరిచి ఉంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని నేల మీద కూర్చుని ఉంది. పక్కనే నా ఇడ్లీ రేకులు. గుంటకొక బోల్టు.

"అత్తయ్యా, ఏందిది?" అన్నాను.

"విప్పుతున్నా."

"మీకొచ్చా?"

"రాదు. ఆయనకొచ్చు గందా" అంది, తలెత్తకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఉన్న కష్టం చాలదా, ఈ వయసులో ఈ ఆట ఏమిటనుకున్నాను. ఆ రోజు కొత్త ఇడ్లీ రేకులు తెచ్చుకున్నాను, కోపంతోనే.

ఆవిడ చదివింది ఐదో తరగతి. కాగితం మీద రాసుకునే అలవాటు లేదు. వరండా నేల మీద ముగ్గుతో గళ్ళు గీసింది. ఏ భాగం ముందు ఊడితే అది మొదటి గడిలో, తర్వాతది రెండో గడిలో. పదిహేనో గడి దాటాక ముగ్గు గడప దాకా వచ్చింది. మేము అందరం ఆ గళ్ళు తొక్కకుండా గోడ పట్టుకుని నడిచేవాళ్ళం. ఇంజను కిందికి దించడానికి మాత్రం మా ఆయన చెయ్యి వేశారు. బిగుసుకున్న పిస్టన్ మీద కిరసనాయిలు పోసి మూడు రోజులు నానబెట్టింది. నాలుగో రోజు కర్రముక్క ఆనించి మెల్లగా తట్టి తట్టి బయటికి తీసింది. దాని ఒంటినిండా గీతలు. దాన్ని మామగారి కళ్ళ ముందు పెట్టి, "చూడవయ్యా, నీ కొడుకు చేసిన పని" అంది. మా ఆయన తల వంచుకున్నారు. మామగారు చాలాసేపు ఆ పిస్టన్‌నే చూశారు. ఆ రోజు ఆయన గోడవైపు తిరగలేదని నాకు తర్వాత తోచింది.

సిలిండర్ లోపల గీతలు పోయేలా కోరించడానికి రైల్వే స్టేషన్ దగ్గరి లేత్ షాపుకు ఇద్దరం వెళ్ళాం. దానికి సరిపడే కొత్త పిస్టన్ కూడా అక్కడే ఇచ్చారు. ఆ మేస్త్రీ మంచివాడు. "ఇంజనంతా పంపించండమ్మా, మేమే బిగించిస్తాం. మీరెందుకు కష్టపడటం?" అన్నాడు.

"మీరు బిగిస్తే చానా బాగుంటది నాయనా. కానీ ఇంటికాడ చూడాల్సినాయన చూడలేడు" అంది ఆవిడ. అతనికి అర్థమైనట్టుంది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు విరక్కుండా ఎలా ఎక్కించాలో రెండుసార్లు చేసి చూపించాడు.

కొత్త పిస్టన్ తల మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది పొగ బయటికి పోయే దారివైపు ఉండాలి. మాకెవరికీ తెలియదు. ఆదివారం పొద్దున నేను గోంగూర ఒలుస్తున్నాను. ఆవిడ ఆ బాణం ఎదురువైపుకు ఉండేలా పిస్టన్ని పెట్టి పిన్ను దూర్చబోతోంది. మంచం దగ్గర స్టీలు గ్లాసు ఠంగుమంది. మామగారు ఎడమ చేత్తో గ్లాసు తీసి మంచం పట్టె మీద కొడుతున్నారు. గొంతులోంచి ఏదో శబ్దం వస్తోంది. ముఖం ఎర్రబడింది.

"ఏందయ్యా?" అంది ఆవిడ.

ఆయన వేలు గాలిలో గుండ్రంగా తిప్పారు. ఆవిడ పిస్టన్ని తిప్పింది. ఆయన చెయ్యి దించారు. నా చేతిలో గోంగూర కట్ట అలాగే ఉండిపోయింది.

అప్పటినుంచి ఆవిడ పని మరీ నెమ్మదించింది. ఒక గంటలో అయ్యేదాన్ని రెండు రోజులు చేసేది. ప్రతిదీ ఎత్తి ఆయనకు చూపించేది. కసరత్తు చేయించే అతను వచ్చినప్పుడు వాషర్లు ఆయన కుడి అరచేతిలో పెట్టించి, వాటిని నొక్కి పట్టుకోమనేది. ఇంజనును చల్లబరిచే ఫ్యాన్ మీది రేకు మూత బిగించే రోజు మూడు స్పానర్లు ఎత్తి పట్టుకుని, "ఏది?" అంది. ఆయన ఎడమ చేత్తో మధ్యదాన్ని చూపించారు.

"చెయ్యి చూపిస్తే నాకు తెలవదు. నోటితో చెప్పు."

ఆయన విసుగ్గా తల తిప్పుకున్నారు. ఆవిడ కదల్లేదు. పొయ్యి మీద పప్పు మాడుతోందని నేను పిలిచినా లేవలేదు. ఆయన పెదవి ఒక పక్కకు లాగుతోంది, గొంతు నరాలు ఉబ్బుతున్నాయి. చివరికి, "ప…" అన్నారు. ఇంకాసేపటికి, "పది."

పక్షవాతం వచ్చాక మా ఇంట్లో ఆయన పలికిన మొదటి మాట అది. ఆవిడ పది నంబరు స్పానర్ తీసుకుని వెనక్కి తిరిగి మూత బిగించింది. భుజాలు కదలడం చూసి ఏడుస్తోందని తెలిసింది. ఎంతోకాలం తర్వాత అడిగాను, ఆ రోజు ఆవిడకు నిజంగా తెలియదా అని. "ముప్పై అయిదేళ్ళు అందిచ్చిన స్పానర్ ఎట్టా తెలవకుండా ఉంటదే?" అంది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. ఇంజను ఎక్కించి, ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసి, మా ఆయన కిక్ కొడితే ఉలుకూ పలుకూ లేదు. రెండు రోజులు కొట్టారు. కాలు వాచింది. ప్లగ్గు మార్చారు, తీగలు చూశారు. రెండో రోజు సాయంత్రం ఆవిడ చేతులు తుడుచుకుని మంచం పక్కన కింద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడ ఓడిపోయినట్టు కూర్చోవడం ఆ ఒక్కసారే చూశాను.

"నా వల్ల కాలేదయ్యా. ఇంక ఎవరికైనా ఇచ్చేద్దాం" అంది.

మామగారు ఎడమ చేత్తో ఆవిడ భుజం పట్టుకుని లేవబోయారు. పడిపోతారేమోనని నేనూ మా ఆయనా పరుగెత్తాం. ఆయన మమ్మల్ని పడుకోబెట్టనివ్వలేదు. మంచానికీ బండికీ మధ్య నాలుగడుగులు. కుడి కాలు ఈడ్చుకుంటూ, మా ఇద్దరి మీదా బరువు వేసి, ఆ నాలుగడుగులు నడవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. బండి సీటు పట్టుకుని నిలబడి, విప్పి ఉన్న ప్లగ్గును ముక్కు దగ్గర పెట్టించుకున్నారు. తల అడ్డంగా ఊపారు. పెట్రోల్ వాసన లేదు, ప్లగ్గు పొడిగా ఉంది. వేలు కార్బురేటర్ వైపు చూపించారు.

ఆవిడ దాన్ని మళ్ళీ విప్పింది. పెట్రోల్ వచ్చే సన్నటి ఇత్తడి గొట్టం రంధ్రంలో ఇసుక రేణువంత నలుసు ఉంది. నోటితో ఊది వెలుతురుకు పట్టి చూసింది. బిగించింది. మా ఆయన మూడో కిక్కు కొట్టగానే ఇంజను అందుకుంది. వరండా అంతా పొగ. ఆయిల్ కాస్త ఎక్కువే కలిపాం. దగ్గుతూ ఇరుగుపొరుగు వచ్చేశారు. ఆ చప్పుడులో మామగారు ఆవిడ చెవి దగ్గర వంగి, "చోక్… లోపలికి" అన్నారు. ఆవిడ చోక్ నెట్టింది. ఇంజను కుదుటపడి నడిచింది.

వారం తర్వాత నేను ఆవిడ దగ్గర కూర్చుని, ఆ పాత ఇనుము అతన్ని పిలిచింది నేనేనని చెప్పాను. చెప్పకపోతే అన్నం సహించేలా లేదు.

"తెలుసులే" అంది. "ఇరుగ్గా ఉంటే ఎవురైనా అట్టాగే అనుకుంటారు. నువ్వు చెడ్డదానివై పిలవలా." తర్వాత నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చింది. "పట్టు. కార్బురేటర్ నీకూ రావాల." అప్పటినుంచి మా ఇద్దరికీ మధ్య ఉన్న మర్యాద కాస్త తగ్గి చనువు పెరిగింది. నెలకోసారి ఆదివారం ఇద్దరం వరండాలో కూర్చునేవాళ్ళం. నేను బోల్టును గట్టిగా బిగిస్తుంటే చేతి మీద కొట్టేది. "బలం చూపియ్యబాక. ఇంక చాలని అదే చెబుద్ది." వంట గురించి నాకు ఆవిడ ఇంత ఓపిగ్గా ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

బండికి రెండు పక్కలా చిన్న చక్రాలు పెట్టించింది. యాభై తొమ్మిదో ఏట నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. మామగారు ఊతకర్రతో ఇంట్లో తిరిగేదాకా కోలుకున్నారు. మాటలు పొట్టిగా, ముక్కలుగా వచ్చేవి. ఇంకా నాలుగేళ్ళు బతికారు. ఆ తర్వాత మూడేళ్ళు ఆవిడ ఒక్కతే ఆ ఇంజనును కనిపెట్టుకుని ఉంది. వీధిలో ఆడవాళ్ళ బళ్ళు మొరాయిస్తే మా వాకిట్లోనే ఆగేవి. ఆవిడ ముందు ప్లగ్గు తీసి వాసన చూసేది.

ఆవిడ గురించి రాయమంటే ఇంజను సంగతులే రాశానని మా ఆయన అన్నారు. ఆవిడకు దేవుడంటే భక్తి ఉంది, ఎండుమిరపకాయల పచ్చడి బాగా చేసేది, నిద్రలో గొణిగేది. అవన్నీ నిజమే. కానీ కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది వేరే.

ఒక మాఘమాసం సాయంత్రం బడి నుంచి బస్సులో వస్తున్నాను. వినుకొండ రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ముందు ఏదో బండి నెమ్మదిగా పోతుంటే డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. తొంగి చూస్తే మా వాళ్ళే. అత్తగారు తల మీద కొంగు బిగించుకుని, రోడ్డు తప్ప మరేమీ చూడకుండా నడుపుతోంది. వెనక మామగారు. వాళ్ళు తిరగాల్సిన చేల దారి కుడివైపు ఉంది. ఆవిడకు సిగ్నల్ ఇవ్వడం గుర్తు లేదు. ఆయన కుడి చెయ్యి లేవదు. అందుకని ఎడమ చేతిని ఆవిడ తల మీదుగా ఎత్తి, మణికట్టు దగ్గర కుడివైపుకు వంచి పట్టుకున్నారు, ఆవిడకు గొడుగు పట్టినట్టు. డ్రైవర్ నవ్వి బస్సు ఆపాడు. వాళ్ళు తాపీగా రోడ్డు దాటి పత్తి చేల మధ్య మట్టి దారిలోకి తిరిగారు. తిరిగిపోయాక కూడా, దుమ్ములో కనిపించినంత మేరా, ఆయన ఆ చెయ్యి దించలేదు.