డిక్కీలోని రెండు బండలు

నాయన పోయాక ఆయన పాత అంబాసిడర్ రెండేళ్లు పట్టా కప్పుకుని వికారాబాద్‌లో మా వాకిట్లోనే ఉండిపోయింది. మొన్న వేసవిలో బయటికి తీస్తే, ఊరు దాటకముందే నా నడుం విరిగినంత పనైంది. స్టీరింగ్ ఎడమకు లాగుతోంది. వెనక భాగం ప్రతి గుంతకూ ఎగిరిపడుతోంది. నాయన నడిపినప్పుడు ఇలా ఉండేది కాదు. తాండూరు నుంచి నాపరాతి బండలు తెచ్చి ఊరూరా అమ్మేవాడాయన. సెలవుల్లో నన్నూ వెంట తీసుకుపోయేవాడు. సరుకు దించేసి తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకుంటే, ఇంటి ముందు ఇంజను ఆగాకే నాకు మెలకువ వచ్చేది. ఆ ప్రయాణం నాకు మళ్లీ కావాలి. కారు బాగుచేయించడమంటే నా లెక్కలో అదే.

తాండూరులో నాయన బండి ఎప్పుడూ చూసే ముసలి మిస్త్రీ దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన గోనెసంచి మీద స్టీరింగ్ సామాను పరిచాడు. ఒకవైపు తళతళలాడే కొత్త టై రాడ్ ఎండ్లు, రబ్బరు బుష్‌లు. ఇంకోవైపు తుక్కుబండి నుంచి ఊడదీసిన పాతవి. నేను పాతవాటి మీదే చెయ్యి వేశాను.

"నాయిన బండికి నాయిన కాలం సామానే ఉండాలె."

మిస్త్రీ పాత ఎండ్ ఒకటి నా చేతికిచ్చి ఊపమన్నాడు. అది ఊడబోయే పన్నులా కదిలింది.

"చక్రం తిప్పే సామాన్ల గట్ల చూడొద్దు బిడ్డా. పాణం మీదికొస్తది. కొత్తదే పెడ్త."

నాకు కోపం ముక్కు మీదుంటుంది గానీ, ఆ పాత ఎండ్‌ను తిరిగి గోనెసంచి మీద పెట్టేశాను. "అయితే వెనక కమాను పట్టీలు గూడ కొత్తయే ఎయ్యి. ఎగిరెగిరి సంపుతున్నయ్" అన్నాను ముఖం ముడుచుకుని.

ఆయన వెనక చక్రం పక్కన వంగి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ ఇనప పట్టీలను వేలితో లెక్కపెట్టి నవ్వాడు.

"గివి మంచిగనే ఉన్నయ్. రెండు దిక్కుల ఒక్కో పట్టీ ఎక్కువున్నది, నేనే ఎక్కించిన. బండలేస్తే బండి కుంగుతుండె మరి. ఖాళీగ పోతే ఎగురుతదని అప్పుడే చెప్పిన. గందుకే మీ నాయిన రెండు బండలు ఎప్పుడూ డిక్కీల్నే ఉంచెటోడు. అవేవి?"

అమ్ముడుపోని సరుకనుకుని వాటిని తీయించింది నేనే. పెరట్లో కుళాయి కింద పరిపించి, రెండేళ్లుగా వాటి మీదే బట్టలు ఉతుకుతున్నాను.

"ఎగిరితే ఎగిరిందిలే, ఉత్తగ బండలు మోసుడెందుకని అడిగిన," అన్నాడు మిస్త్రీ. "'మా పిల్ల ఎనక సీట్ల పండుకుంటది భాయ్, నిద్ర చెడుతది' అనెటోడు."

నేను వెనక సీట్లో పడుకోవడం మానేసి ఎన్నేళ్లయిందో. బండలు మాత్రం ఆయన పోయేదాకా డిక్కీలోనే ఉన్నాయి. మిస్త్రీ ముందు ఏడవకూడదని బయటికి వెళ్లి నిలబడ్డాను.

"ఎక్కువ పట్టీ తీసెయ్యాల్నా?" అని ఆయన లోపలినుంచి అడిగాడు. వద్దన్నాను.

బండి అక్కడే వదిలి ఇంటికొచ్చి, మర్నాడు ఆ బండలు తవ్వించి వికారాబాద్ స్టేషన్‌కు మోయించాను. రైల్లోకి ఎక్కిస్తూ హమాలీ అడక్కుండా ఆగలేకపోయాడు.

"తాండూరుకే బండలు తీస్కపోతున్నవా అమ్మా? ఆడ లెవ్వా?"

"ఇవి లెవ్వు" అన్నాను కసురుకున్నట్టే.

కొత్త సామాను బిగించాక స్టీరింగ్ ఎటూ లాగలేదు. బండలు వాటి చోటికి చేరాయి. బండి నడిపి చూడమని మిస్త్రీ తాళాలు ఇస్తే, ఆయన్నే నడపమని నేను వెనక కూర్చున్నాను. ఊరు దాటాక సిగ్గు విడిచి సీట్లో పడుకున్నాను. కాళ్లు పట్టక మోకాళ్లు ముడుచుకోవలసి వచ్చింది. గుంతలు వస్తున్నాయి, పోతున్నాయి, బండి మెత్తగా సాగుతోంది. కళ్లు మూసుకున్నాను.

నిద్ర మాత్రం రాలేదు.