జాలీ కింది కుర్చీ

మా పాత ఆఫీసు పండరీ బజారులో బట్టల దుకాణాల పైఅంతస్తులో ఉండేది. ఎండాకాలం కూలర్ల మోతలో ఫోను వినపడక, ఊళ్ల నుంచి విలేకరులు చెప్పే వార్తని రెండేసిసార్లు చెప్పించుకునేవాళ్లం. పత్రిక పెరిగాక ఊరి చివర కొత్త భవనంలోకి మారాం. అక్కడ అంతా సెంట్రల్ ఏసీ. సీలింగులో వరసగా చదరపు జాలీలు, వాటికి వాలుగా రేకు రెక్కలు, రెక్కల సందుల్లోంచి చల్లగాలి. మొదటి వారం అందరం తల పైకెత్తి చూసుకుని మురిసిపోయాం.

గదిలో వేడిని కొలిచి హాలు మొత్తాన్ని ఎంత చల్లబరచాలో తేల్చే థర్మోస్టాట్ మీట సంపాదకుడి గాజు గదిలో, గోడకి పెట్టారు. ఆయనకి చలిగాలి పడదు. తన నెత్తి మీది జాలీని పూర్తిగా మూయించి టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నారు. పడమటి ఎండకి మధ్యాహ్నానికల్లా ఆ గది వేడెక్కేది. అది చల్లబడేదాకా యంత్రం ఆగదు, జాలీ మూసి ఉన్నంతకాలం అది చల్లబడదు. ఆ చలంతా హాల్లో మా మీద పడేది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఆయన దగ్గరికెళ్లి చెప్పే పని మాత్రం ఎవరూ నెత్తికెత్తుకోలేదు.

అన్నిటికన్నా ఎక్కువ గాలి పడేది స్తంభం పక్క కుర్చీ మీద. దానికి సిమ్లా అని పేరు పెట్టారు. కొన్నాళ్లకి ఇంకో సంగతి గమనించాను. యాజమాన్యానికి ఎవరి మీద మనసు విరిగితే వాళ్ల సీటు అక్కడికి మారేది. కారణం అడిగితే "డెస్కు సర్దుబాటు" అనేవారు. అక్కడ కూర్చున్నవాళ్లు కొద్ది నెలల్లో తమంతట తామే మానేసేవారు.

నాకన్నా పెద్దవాడైన ఒక సహోద్యోగి వంతు వచ్చింది. తాత రైల్వే పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ హిందీ ప్రాంతంలోనే ఉండిపోయిన కుటుంబం. అందరికీ ఆయన దాదా, నాకు అన్నయ్య. అభన్‌పూర్, ధర్సీవా లాంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే వార్తలు దిద్దే పేజీ ఆయనది. బస్తర్ ఎడిషన్‌కి బదిలీ అంటే వెళ్లనన్నాడు. భార్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, రోజు విడిచి రోజు డయాలసిస్. ఆవిడ చెల్లెలు కిడ్నీ ఇస్తానంది, పరీక్షలు జరుగుతున్నాయి. ఆపరేషన్‌కి ఉన్న ఒక్క ఆధారం ఆఫీసు ఇన్సూరెన్సు. ఉద్యోగం పోతే అదీ పోతుంది.

"రాజీనామా ఇస్తావని చూస్తున్నారన్నయ్యా," అన్నాను.

"తెల్దేటి నాకు? ఆపరేషన్ అయ్యేదాకా మంచు కురిసినా ఇక్కణ్ణించి లెగను."

బయట వడగాలి వీస్తుంటే లోపల ఆయన మఫ్లర్ చుట్టుకుని, ఆడవాళ్ల శాలువా ఒకటి కప్పుకుని కూర్చునేవాడు. శాలువా భార్యది. డయాలసిస్ గదిలోనూ మంచానికి పైన సరిగ్గా ఇలాంటి జాలీయేనట, ఆవిడ వణికిపోయేదట. పొద్దున ఆవిడ కప్పుకున్న శాలువానే ఆసుపత్రి నుంచి నేరుగా తెచ్చి మధ్యాహ్నం ఈయన కప్పుకునేవాడు.

"దాదా, సిమ్లాలో మంచు పడుతోందా?" అని స్పోర్ట్స్ డెస్కు నుంచి కేక వచ్చేది.

"మోకాలి దాకా పడింది బాబూ. నీకూ ఒక కుర్చీ ఆపి ఉంచాను," అనేవాడు తల ఎత్తకుండానే. నవ్వులు చప్పున ఆగిపోయేవి.

వేసవి సర్వీసుకి మెకానిక్ వచ్చినప్పుడు అన్నయ్య నిచ్చెన పట్టుకుని నిలబడి, రెక్కలు కాస్త తిప్పమని బతిమాలాడు. మెకానిక్ తిప్పాడు. గాలి నేరుగా కిందికి పడకుండా సీలింగు వెంబడి పక్కలకి పాకింది. ఆ సాయంత్రం అన్నయ్య శాలువా మడిచి కుర్చీ వీపుకి వేసుకున్నాడు. కానీ పాకిన గాలి అవతల డిప్యూటీ ఎడిటర్ టేబుల్ మీద దిగింది. ఆయన తుమ్మాడు. మర్నాడు అడ్మిన్ అధికారి దగ్గరుండి రెక్కల్ని మళ్లీ కిందికి తిప్పించాడు.

"డిజైన్ ప్రకారం ఉండాలి దాదా. మనిషి మనిషికీ మారిస్తే ఎలా?"

"గాజు గదిలో మారింది కదా?" అన్నాడు అన్నయ్య. అధికారి నిచ్చెన తీయించుకుని వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు టీ తాగుతుంటే అన్నయ్య పెదవి మూల నుంచి టీ కారి చొక్కా మీద పడింది. ఆయనకి తెలియలేదు. మొహం ఒక పక్కకి లాగేసింది, ఎడమ కన్ను మూతపడటం లేదు. హవా తగిలి మొహానికి లక్వా, అంటే పక్షవాతం, వచ్చిందంది ఆఫీసు. డాక్టరు గాలి వల్లే అనలేదు, కాదనీ అనలేదు. నేను కూడా అంతకుమించి రాయను. సెలవు పెట్టమంటే వినలేదు. ఎక్కువ రోజులు రాకపోతే అదే వంకగా చూపుతారని భయం. కన్ను తడి ఆరిపోకుండా దూది పెట్టి ప్లాస్టర్ అంటించుకుని, ఒంటికంటితో పేజీ దిద్దాడు.

ఇంకొన్నాళ్లలో ఆపరేషన్ తేదీ ఇస్తామని ఆసుపత్రి వాళ్లు చెప్పారు. ఈలోగా అన్నయ్య భార్యకి జ్వరం వచ్చింది. డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన గొట్టం నుంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. ఆవిడ ఆ వారం దాటలేదు.

కర్మకాండ ముగించుకుని ఆయన ఆఫీసుకి వచ్చేసరికి స్తంభం దగ్గర గాలి లేదు. రెక్కలు పక్కలకి తిరిగి ఉన్నాయి. అడ్మిన్ అధికారే తిప్పించాడు. బహుశా మంచి మనసుతోనే. శాలువా లేకుండా, మఫ్లర్ లేకుండా, ఉత్త చొక్కాతో అన్నయ్య కూర్చున్నాడు. ఒకసారి పైకి చూశాడు. ధర్సీవా నుంచి వచ్చిన వార్తలు ఎప్పటిలాగే దిద్ది, పేజీ పంపేశాక రాజీనామా టైపు చేసి ఇచ్చాడు.

అడ్మిన్ అధికారి నొచ్చుకున్నాడు. "ఇప్పుడు బాగానే ఉంది కదా దాదా. గాలి కూడా పడటం లేదు."

"బాగుంది," అన్నాడు అన్నయ్య. మొహం వంకరగా ఉండటంతో నవ్వాడో లేదో తెలియలేదు. "ఎవరి కోసం కూచోవాలి?"

మరుసటి వారం యూనియన్ మాట ఎత్తిన కొత్త సబ్ ఎడిటర్ సీటు స్తంభం పక్కకి మారింది. ఆ మధ్యాహ్నమే నిచ్చెన తెచ్చారు. గాజు గదిలో టేబుల్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.