లారీ కోటమ్మను కోటయ్య చేసిన మాస్టారు

మా ఎనిమిదో తరగతిలో సోమవారం వచ్చిందంటే చాలు... ప్రార్థన గంట కొట్టకముందే ఆడపిల్లలందరం పద్మ చుట్టూ మూగేవాళ్లం. "తెచ్చావా? ముందు నాకియ్యవే!" అని ఒకటే గోల.

తెచ్చేది తినుబండారం కాదు... బొమ్మల కథ. తనే రాసి, తనే గీసిన కథ.

పద్మ వాళ్లది నందిగామ బజారులో కిరాణా కొట్టు. పొట్లాలు కట్టే తెల్లకాగితాల్లో మంచివి ఏరుకుని, గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో పుస్తకం కుట్టేది. రంగులు ఎవరు కొనిస్తారు? పసుపు, కుంకుమ, బట్టలకు పెట్టే నీలిమందు... అవే రంగులు.

కథ పేరు 'లారీ కోటమ్మ'. జగ్గయ్యపేట క్వారీల నుంచి బెజవాడ దాకా సున్నపురాయి లారీ తోలే ఆడమనిషి. దారిలో ఒక మాంత్రికుడు లారీలను డ్రైవర్లతో సహా మాయం చేస్తుంటాడు. జానపద సినిమాల్లో మాంత్రికుడికి గుహ ఉంటుంది... మా వాడికి పాడుబడిన క్వారీ. కోటమ్మ కుచ్చిళ్లు దోపుకుని, జాకీ రాడ్డు పట్టుకుని వాడి మీదికి దూకే బొమ్మ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

వారానికొక భాగం. పన్నెండో భాగంలో మున్నేరు దాటే కీసర వంతెన మీద లారీకి బ్రేకులు పోయాయి. ఎదురుగా మాంత్రికుడు! అక్కడ ఆపేసింది మహాతల్లి. ఎంత బతిమాలినా ముగింపు ఎవరికీ చెప్పలేదు. పక్కన కూర్చునేదాన్ని కాబట్టి నాకొక్కదానికే చెప్పింది.

ఆ వారమే మా తెలుగు మాస్టారు, "వార్షికోత్సవానికి కథల పోటీ పెడుతున్నాం, రాసినవాళ్లు ఇవ్వండి" అన్నారు. మేమే పద్మను ముందుకు తోశాం. పన్నెండు పుస్తకాలూ తీసుకెళ్లి ఆయన బల్లమీద పెట్టింది.

ఆయన నాలుగు పేజీలు తిప్పారు. "ఆడది లారీ తోలడమేంటమ్మా? బుద్ధిగా పద్యాలు బట్టీ పట్టుకోక!" అని సొరుగులో పడేశారు. తిరిగి ఇమ్మంటే, "చూద్దాంలే" అన్నారు. రోజూ అడిగింది. రోజూ అదే మాట.

వార్షికోత్సవం రోజు సాయంత్రం తల్లిదండ్రులంతా వచ్చారు. మైకులో వినిపించింది... "ఇప్పుడు నాటిక, లారీ కోటయ్య! రచన, దర్శకత్వం మన తెలుగు మాస్టారు!"

కోటమ్మ కాదు... కోటయ్య! పదో తరగతి అబ్బాయికి మీసం అంటించి నిలబెట్టారు. మిగతాదంతా మా కథే. అదే క్వారీ, అదే మాంత్రికుడు, పద్మ సొంతంగా కల్పించిన మంత్రం కూడా పొల్లుపోకుండా అదే. చివర బ్రేకులు పోగానే దేవుడు ప్రత్యక్షమయ్యాడు. మాంత్రికుడు కాళ్లమీద పడ్డాడు. వాడి కూతురితో కోటయ్య పెళ్లి. ఒకటే చప్పట్లు.

ఆ చప్పట్ల మధ్య పద్మ లేచి నిలబడింది.

"అది నా కథండీ! అక్కడ దేవుడు రాడు! కోటమ్మ లారీతో సహా మాంత్రికుణ్ణి మున్నేట్లోకి తోసేసి, ఈదుకుంటా బయటికొచ్చిద్ది!"

జనం ఘొల్లున నవ్వారు. మాస్టారు కూడా నవ్వుతూ మైకు అందుకున్నారు. "క్లాసులో నేను చెప్పిన కథలే పిల్లలు సొంతమనుకుంటారు, పాపం. ఏమ్మా, ఈ పిల్ల రాయడం మీలో ఎవరైనా చూశారా?"

ఒక్కరం... ఒక్కరం కూడా లేవలేదు. ముగింపుతో సహా తెలిసిన నేను కూడా నా చెప్పుల వంక చూస్తూ కూర్చున్నాను. మాస్టారంటే అంత భయం.

మర్నాడు పద్మ నాన్నగారిని పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని, "తప్పైపోయిందండి మాస్టారూ, చిన్నపిల్ల, తెలీక వాగింది" అన్నారు. క్లాసందరి ముందూ పద్మ చేత మాస్టారి కాళ్లకు దణ్ణం పెట్టించారు. పుస్తకాలు ఇమ్మని అడిగితే, "ఆ చెత్త ఎప్పుడో పారేయించా" అన్నారు మాస్టారు.

పద్మ మళ్లీ గీయలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... పోయిన వారం ఆ మాస్టారికి సన్మానం జరిగింది. అభినందన సంచికలో 'లారీ కోటయ్య' అచ్చేశారు, ఆయన కల్పనాశక్తికి మచ్చుతునక అంటూ! మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండా దండాల బొమ్మలే. నాకు ఒళ్లు మండిపోయింది.

పద్మ ఇప్పుడు జగ్గయ్యపేటలో ఉంటోంది. ఫోను చేసి చెప్పాను.

"పోనీవే, ముప్పై ఏళ్లయింది" అంది. తర్వాత మెల్లగా, "దేవుడొచ్చేది అట్టానే ఉంచాడా?" అని అడిగింది.

"అట్టానే ఉందే."

"ఛీ!"

"జరిగిందంతా గ్రూపులో రాస్తున్నా, నీ పేరుతో" అన్నాను.

"రాయి. ఆ రోజు నోరు విప్పలేదుగా... ఇప్పుడన్నా విప్పు."

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. రాశాను. "పెద్దాయన, ఈ వయసులో ఆయన్ని ఎందుకండీ బాధపెట్టడం" అన్నారొకరు. పదమూడేళ్ల పిల్లను బాధపెట్టినప్పుడు ఈ జాలి ఏమైపోయిందండీ? కానీ ఆ తర్వాత మా క్లాసు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. "నేనూ చదివా." "నేనూ చూశా, గీసింది పద్మే." ఆరుగురు! సాయంత్రానికి నాతో కలిపి ఏడుగురినీ గ్రూపులోంచి తీసేశారు. తీసేస్తే తీసేశారు. అందుకే అందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పటి పిల్లలు బొమ్మ గీయగానే ఫోనులో పెట్టి, కింద దర్జాగా పేరు రాసుకుంటున్నారు. చూస్తే ముచ్చటేస్తుంది... కాస్త కుళ్లు కూడా కలుగుతుంది. మాకు ఉన్నది ఒక్కటే ప్రతి. అది పోతే కథా పోయేది, రాసిన పిల్లా పోయేది.

మీ క్లాసులోనూ అలాంటి పిల్ల ఒకతె ఉండే ఉంటుంది... ఆమె పేరు గుర్తుందా? ఉంటే కింద రాయండి, ఇంటిపేరుతో సహా.