అలసిపోయింది నేను కాదు

యంత్రానికి వచ్చిన అలసటను నా వయసుకు అంటగట్టి నన్ను జట్టులోంచి తీసేశారు.

జట్టంటే కంప్యూటరులో ఆడే తుపాకుల ఆట జట్టు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఎవరిళ్ళలో వాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇంటర్నెట్ మీద ఆడతారు. డెబ్బై దాటినవాడికి ఈ ఆటేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. అలా నవ్వినవాళ్ళలో ఒక్కరు కూడా ఈ చెన్నై తొండియార్‌పేటలో మధ్యాహ్నాలు గడపడానికి నాకు వేరే దారి చూపించలేదు.

మొదట్లో ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆడేవాణ్ణి. హిందీ తిట్లూ తమిళ తిట్లూ కలగాపులగంగా వినబడుతుండగా ఒక రోజు స్వచ్ఛమైన తెలుగు తిట్టు చెవిన పడింది. ప్రాణం లేచొచ్చింది. ఎవరు నాయనా అంటే, గుంటూరు వైపు నుంచి వచ్చి పాత మహాబలిపురం రోడ్డులో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేసుకుంటున్న నలుగురు కుర్రాళ్ళు. ఐదోవాడి కోసం వెతుక్కుంటున్నారు. ఐదోవాణ్ణి నేనయ్యాను. ఒక సందు చివర కదలకుండా కాపలా నిలబడి, అటునుంచి తల కనబడిన క్షణంలో కాల్చడం నా పని. కుర్రాళ్ళకు పరుగులెక్కువ, ఓపిక తక్కువ. నిలబడే పని ఎవరికీ పట్టదు. నాకు పట్టింది.

శని ఆదివారాలు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరసగా నాలుగైదు ఆటలు. నేను కంగారులో "ఈడ వస్తా ఉండారు, ఈడ!" అని అరిస్తే వాళ్ళకు పండగ.

"తాతా, మ్యాప్ అంతా వెతికాం. ఆ 'ఈడ' అనే ఊరు మాత్రం కనబడట్లా," అనేవాడు వాళ్ళ కెప్టెన్.

నేనూ నవ్వేవాణ్ణి. వాళ్ళ తెలుగు వాళ్ళది, మా తెలుగు మాది. మూడు తరాల కిందట ఈ పట్నం చేరినవాళ్ళం. ఇన్ని తమిళ మాటల మధ్య ఇంకా తెలుగు మిగిలినందుకు నన్ను మెచ్చుకోవాలి.

అంతా బాగానే ఉండగా ఎండాకాలంలో పీడ పట్టుకుంది. మొదటి ఆట నున్నగా సాగేది. రెండో ఆట సగంలో బొమ్మ తెగేది. సందు చివర తల కనబడుతుంది. మరుక్షణం ఆ మనిషి నా ముక్కు ముందుంటాడు. మధ్యలో నడిచిన దూరం ఏమైందో తెలియదు. నేను మీట నొక్కేలోపే చచ్చిపోయి ఉంటాను. మూడో ఆటకు మరీ ఘోరం.

ఈ తెగడం నాకు కొత్త కాదు. కోడంబాక్కంలో ముప్పై ఏళ్ళు ఎడిటింగు గదిలో ఫిలిం కోసి అతికించినవాణ్ణి. ఫ్రేమంటే ఈ కాలం వాళ్ళకు, సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెబుతూ తెర మూలన కనబడే అంకె. నాకు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసిన బొమ్మ. ఊళ్ళు తిరిగి చిరిగిన ప్రింటులో రెండు ఫ్రేములు పోతే జేబులో ఉన్న హీరో చెయ్యి ఒక్కసారిగా నుదుటి మీదికి ఎగిరేది. హాల్లో ఎవరికీ ఎందుకో తెలిసేది కాదు, నాకు తెలిసేది. అదే ఎగురు ఇప్పుడు నా తెర మీద.

కెప్టెన్‌తో ఆ మాటే చెప్పాను. "నా చెయ్యి కాదు నాయనా. మిషనే ఆడాడ తెగతా ఉంది."

"మరి మొదటి గేమ్‌లో ఎందుకు తెగట్లేదు తాతా? అప్పుడు మీరు ఫ్రెష్‌గా ఉంటారు. తర్వాత అలసిపోతున్నారు. మా తాతయ్య కూడా అంతే, మధ్యాహ్నం రెండు దాటితే కూర్చున్నచోటే నిద్ర."

వాళ్ళ తాతయ్యను నేనెప్పుడూ చూడలేదు. ఆయన కునుకుకు నన్ను బాధ్యుణ్ణి చేశాడు.

యంత్రాన్ని ఆటోలో పెట్టుకుని రిచీ వీధికి తీసుకెళ్ళాను, కొన్న దుకాణానికే. దుకాణం మనిషి పది నిమిషాలు ఆట నడిపి, మూలనున్న అంకె చూపించి, అంతా సరిగ్గా ఉందన్నాడు. పెరియవరే అని పెద్దరికానికి మర్యాద ఇస్తూనే, ఒకసారి కళ్ళు చూపించుకోమని తమిళంలో సలహా ఇచ్చాడు. కళ్ళూ చూపించుకున్నాను. శుక్లాలు తీశాక ఇంత బాగున్న కళ్ళు అరుదని డాక్టరమ్మ అంది. యంత్రాన్ని మళ్ళీ మోసుకెళ్ళాను. మళ్ళీ పది నిమిషాలు, మళ్ళీ అదే నవ్వు.

ఇక నేనే దిగాను. ఎనిమిదో తరగతితో బడి మానినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది ఫిలిం డబ్బాల మీద రాతలు, మిషన్లతో వచ్చే పుస్తకాలు చదివి. ఎడిటింగు గదుల్లోకి కంప్యూటర్లు వచ్చిన రోజున, మీ వేళ్ళతో ఇక పని లేదని ఒక మేనేజరు మమ్మల్ని వరండాలో నిలబెట్టి చెప్పాడు. ఆ మాట నిన్న అన్నట్టుంది. అందుకే కంప్యూటరు పట్టుదలగా నేర్చుకున్నాను. ఇప్పుడూ వీడియోలు చూసి ఆటలో నీడలు తీసేశాను, బొమ్మ పరిమాణం తగ్గించాను, వెనకాల నడిచే అక్కరలేని ప్రోగ్రాములన్నీ మూశాను, ఇంకో ర్యామ్ ముక్క కొని పెట్టాను. ప్రతిదానికీ మొదటి ఆట మరింత నున్నగా అయ్యేది. రెండో ఆట ఎప్పటిలాగే తెగేది.

ఈ లోపల వాళ్ళకు ఏదో పోటీ వచ్చింది. మా వాట్సాప్ గుంపులో, అందరూ చదివేలా, కెప్టెన్ రాశాడు: తాతకు కళ్ళూ చెయ్యీ సహకరించడం లేదు, పాపం విశ్రాంతి ఇద్దాం, కొత్త కుర్రాణ్ణి తీసుకుంటున్నాం. కింద మిగతా ముగ్గురూ దండాల బొమ్మలు పెట్టారు. బతికున్నవాడికి పెట్టే దండాలు కావవి.

తరవాత వానలు పట్టుకున్నాయి. ఒక మధ్యాహ్నం ఒంటరిగా, ఎవరెవరితోనో ఆడుతున్నాను. రెండో ఆట అయింది, మూడోదీ అయింది. ఒక్క ఫ్రేము తెగలేదు. నమ్మకం కుదరక ఇంకోటి ఆడాను. తెగలేదు. ఏం మారిందా అని బల్ల కిందికి వంగి చూస్తే యంత్రం ఒంటి మీద గుడ్డ లేదు.

ఆ గుడ్డ సంగతి చెప్పాలి. హార్బరు పక్కన ఉండే మాకు ఇంట్లో ఎక్కడ వేలు పెట్టినా మసి. అందుకని మా వీధిలో కిటికీకి గుడ్డ, మంచినీళ్ళ కొళాయికి గుడ్డ, టేబుల్ ఫ్యాను వెనక గుడ్డ. కంప్యూటరు వచ్చిన రోజే నా భార్య పాత పంచె రెండు మడతలు వేసి, ఎలాస్టిక్ పెట్టి దానికొక తొడుగు కుట్టింది. నేనూ మురిసిపోయాను. యంత్రం రిచీ వీధికి బయలుదేరిన ప్రతిసారీ ఆ తొడుగు విప్పి, పెట్టెను తడిగుడ్డతో తుడిచి మరీ పంపేది. మసిబట్టతో వస్తువును పరాయివాళ్ళ ముందుకు పంపితే ఇల్లాలికి నామోషీ. అందుకే దుకాణంలో దానికి ఏ జబ్బూ కనబడలేదు.

"తొడుగేదీ?" అని అడిగాను.

"ఉతికేసినా. ఈ వానకి ఈడ ఏం ఆరతాది?" అంది.

ఆరాక తొడిగి చూశాను, రెండో ఆటలో తెగింది. విప్పాను, తెగలేదు. గాలి ఆడక వేడెక్కిన యంత్రం, కాలిపోకుండా ఉండడానికి తనంతట తానే పని తగ్గించుకుంటోంది. గుడ్డ మా ఇంటిదే, దాచను. కానీ ఇది ఇంట్లో ఎక్కడ పెడతారు, ఎలా పెడతారు అని ఆ దుకాణం మనిషి ఒక్క ప్రశ్న వేశాడా? నా కళ్ళ గురించి తెలిసినంత బాగా వాడికి తన సరుకు గురించి తెలియలేదు.

పెట్టె విప్పి లోపల పేరుకున్న మసిని కుంచెతో దులిపాను. చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటే గీకి కొత్తది రాశాను. చివరికి ఫ్రేములకొక హద్దు పెట్టాను. అంకె ఎగిరెగిరి పడేకంటే కాస్త తక్కువైనా సమానంగా రావడం మేలు. సినిమా సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములతోనే నడిచింది. సమానంగా నడిచినంతకాలం ఎవరూ హాల్లోంచి లేచిపోలేదు.

తొడుగును ఏం చేయాలో తోచక నా భార్య దాన్ని కత్తిరించి కిటికీకి రెండో తెరగా కట్టింది. కడుతూ అంది, "ఆ పిలకాయలకి చెప్పండి. ఊరుకుంటే వాళ్ళు అన్నిందే నిజమైపోతాది."

వరసగా నాలుగు ఆటలు రికార్డు చేసి కెప్టెన్‌కు పంపాను. గుడ్డ సంగతి కూడా సిగ్గుపడకుండా రాశాను. నా చోటు నాకివ్వమన్నాను. ఇవ్వలేకపోతే, కళ్ళూ చెయ్యీ అని రాసిన ఆ గుంపులోనే, తప్పు తాతది కాదు యంత్రానిదని ఒక్క వాక్యం రాయమన్నాను. చూసినట్టు నీలం గీతలు వెంటనే పడ్డాయి. జవాబు రాలేదు. వాళ్ళ పోటీ మొదలైందని ఆ గుంపులోనే తెలిసింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ నీలం గీతలు. వానలు వెనకపట్టాక, ఒక ఆదివారం భోజనం దగ్గర ఉండగా ఫోను మోగింది. గుంపులో కాదు, నా ఒక్కడికే రాశాడు:

"తాతా, వీడియో చూశాం, సూపర్ స్మూత్. మన కొత్త కుర్రాడు రెండో గేమ్‌కల్లా ఆగిపోతున్నాడు. పాపం వాడి తప్పేం లేదు, సిస్టమ్ పాతది. మీరు ఎలాగూ ఇప్పుడు ఆడట్లేదు కదా, మీ మిషన్ వాడికి ఇస్తారా?"