గంగులప్ప టైము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసే పురుషోత్తానికి రాహుకాలమంటే నవ్వు. ఏ మిషనునైనా ముందు జ్వరం చూసినట్టు చేతి వెనకభాగం ఆనించి చూస్తాడు. ఆ రోజు పుంగనూరు పాలకేంద్రంలో కంప్యూటర్లన్నీ పావుగంట వెనక నడుస్తున్నాయి. టైము కలవక రైతుల బిల్లులు మదనపల్లెకు పోవడం లేదు. సరిచేసినా కాసేపటికే మళ్లీ వెనక్కి. అవన్నీ నెట్‌వర్కులో ఒకే పాత కంప్యూటరు టైము పట్టుకుని నడుస్తున్నాయని తేలింది. “అది యాడుండాదమ్మా?” అని అడిగితే, ఊడ్చే మునెమ్మ వెనక గది తాళం తీసింది.

“మా గుమాస్తా గంగులప్పదప్పా. బిల్లులు రాహుకాలంలో పడకూడదని టైము ఎనక్కి పెట్టుకునేవాడు. పోయినేడు సచ్చిపాయె. అప్పట్నుంచీ దీన్నెవరూ ముట్టుకోలా.” పురుషోత్తం వంగి చూశాడు. ప్లగ్గు ఊడి నేలమీద పడుంది, దానిపై దుమ్ము పేరుకుంది. అలవాటుగా చేయి ఆనించి, చటుక్కున తీసేశాడు. మిషను వెచ్చగా ఉంది. “ఏమైందప్పా?” అంది మునెమ్మ. “ఏం లేదమ్మా, తాళమెయ్” అన్నాడు. మిగతా కంప్యూటర్లకు నేరుగా ఇంటర్నెట్ టైము పెట్టాడు. బిల్లులు కదిలాయి. కుప్పం పోవడానికి బండెక్కబోయి ఆగాడు. రాహుకాలం అప్పుడే మొదలైంది. చేతిగడియారం పావుగంట వెనక్కి తిప్పుకుని, అప్పుడు బండి స్టార్ట్ చేశాడు.