పేకాట గైడూ, మా అమ్మాయి లెక్కలూ

నేను పోకర్ ఆట పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఈ మాట అంటే మావాళ్ళు పడీ పడీ నవ్వుతారు. మా గుంటూరు వైపు పేకాట ఎవరైనా పక్కన కూర్చుని చూసి నేర్చుకుంటారు, లేదా డబ్బు తగలేసి నేర్చుకుంటారు. పుస్తకం పట్టుకుని, నోట్సు రాసుకుని, అర్థం కానిచోట వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివి నేర్చుకున్నదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

అది 2010. మేం ఇంగ్లండులోని కోవెంట్రీ వచ్చి రెండేళ్ళు దాటింది. మావారు కార్లు తయారుచేసే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. ఇక్కడికి రాకముందు నేను తొమ్మిదేళ్ళు ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పాను. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, నేను క్లాసులో అడుగు పెడితే ఎనభై మంది ఊపిరి బిగబట్టేవాళ్ళు. కోపం నాకు పుట్టుకతో వచ్చింది, లెక్కలు తర్వాత వచ్చాయి. ఇక్కడ ఆ అనుభవానికి పూచికపుల్ల విలువ లేకపోయింది. టీచరుగా చేరాలంటే మళ్ళీ కోర్సు చదవాలన్నారు. దాని ఫీజు విని, వచ్చినదారినే ఇంటికొచ్చేశాను.

అప్పటికి మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. పొద్దున్నే దాన్ని బళ్ళో దింపి, నేను లైబ్రరీకి వెళ్ళి కూర్చునేదాన్ని. వెచ్చగా ఉంటుంది, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. ఒకరోజు సంభావ్యత మీద ఏదైనా పుస్తకం దొరుకుతుందేమోనని వెతుకుతుంటే, ఎవరో తప్పు అరలో పెట్టిన పోకర్ గైడు చేతికొచ్చింది. తెరిస్తే పేజీ నిండా శాతాల పట్టిక. రెండేళ్ళుగా సుద్దముక్క పట్టుకోని మనిషికి అలాంటి పేజీ కనబడితే ఎలా ఉంటుంది! నిలబడే నలభై పేజీలు చదివేశాను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. మన రమ్మీలో చేతికి పదమూడు ముక్కలొస్తే, ఇందులో రెండే. మధ్యలో వేసే అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడి. మన రెండూ ఆ అయిదూ కలిపి ఎవరికి మంచి జత కుదిరితే పందెం వాళ్ళది. మన ముక్కలు బాగాలేవనిపిస్తే పారేసి తప్పుకోవచ్చు. దాన్ని ఫోల్డ్ అంటారు. అప్పటిదాకా పెట్టిన చిన్న పందెం పోతుంది, అంతకు మించి పోదు.

ఇక నేను చేసిన ఘనకార్యం చూడండి. గైడు అనే మాట కనబడితే మన తెలుగువాళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? ఎంసెట్ చదివినట్టే చదివాను. ఏ రెండు ముక్కలొస్తే ఆడాలి, ఏవొస్తే పారేయాలి అనే పట్టికను తెల్లకాగితం మీద ఎత్తిరాసి, వంటింట్లో పోపులడబ్బాల అలమర తలుపు లోపలివైపు అంటించాను. ముఖ్యమైనవాటికి పక్కన చుక్క, మరీ ముఖ్యమైనవాటికి రెండు చుక్కలు. పప్పు ఉడుకుతుంటే ఆసూ రాజూ, ఆసూ రాణీ అంటూ అప్పజెప్పుకునేదాన్ని.

మావారు అది చూసి, "లెక్కల మేడమ్ గారు వంటింట్లో క్లబ్బు పెట్టారా ఏంటి?" అన్నారు.

"ముందు కాఫీ తాగండి, చల్లారిపోతోంది," అన్నాను.

"పోనీలే, చీట్లపేకైనా నీ దగ్గర సిలబస్ ప్రకారం నడుస్తోంది," అని నవ్వుతూ పోయారు.

మొదట కంప్యూటర్లో, ఉత్తుత్తి పందెం బిళ్ళలతో ఆడే సైట్లో చేరాను. అక్కడ గైడు ఎందుకూ పనికిరాలేదు. పోయేది నిజం డబ్బు కాదు కాబట్టి ఒక్కడూ ముక్కలు పారేయడు, ప్రతివాడూ చివరిదాకా వేలాడతాడు. అందుకని మావారిని అడిగి పది పౌండ్లు కట్టి, పైసల్లో ఆడే బల్లల దగ్గరికి మారాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా, గ్రీన్ టీ పక్కన పెట్టుకుని ఆడేదాన్ని. ఆ పది పౌండ్లు నెలలు గడిచినా అయిపోలేదు, పెరగనూ లేదు. నాకు దానితో పనిలేదు. నా బుర్ర మళ్ళీ నడుస్తోంది, అది చాలనిపించేది.

గైడులో ఒక అధ్యాయం మొత్తం కోపం మీదే ఉంది. మంచి ముక్కలతో ఓడిపోయినప్పుడు మనిషికి ఒళ్ళు మండుతుందట. ఆ మంటలో తర్వాతి పది ఆటలూ పాడుచేసుకుంటాడట. అలాంటప్పుడు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగమని రాశాడు. తూచా తప్పకుండా పాటించాను. ఒళ్ళు మండినప్పుడల్లా లేచేదాన్ని, నీళ్ళు తాగేదాన్ని, కిటికీలోంచి ఎదురింటి చెత్తడబ్బాల వంక చూసేదాన్ని. నెల తిరిగేసరికి ఎవడు ఎలా ఓడించినా నవ్వొచ్చేది. నాలో ఇంత శాంతం ఉందా అని నాకే ముచ్చటేసింది.

ఆ శాంతమంతా మూడుంపావుకి బడి వదిలేదాకానే. సాయంత్రం మా అమ్మాయి హోంవర్కు తీస్తే నేను మళ్ళీ దుర్వాసుణ్ణే.

ఇక్కడి బళ్ళో గుణకారానికి గళ్ళు గీస్తారు. ముప్పై నాలుగు ఆర్లు కావాలంటే ముప్పైని ఒక గడిలో, నాలుగుని ఒక గడిలో వేసి, విడివిడిగా హెచ్చవేసి కలుపుతారు. నాకు ఆ గళ్ళు చూస్తేనే చిర్రెత్తుకొచ్చేది.

"ఒక్క వరుసలో అయ్యేదానికి ఈ గళ్ళెందుకే? ముగ్గేస్తున్నావా?"

"మా మిస్ ఇలాగే చెయ్యమంది," అనేది.

"మీ మిస్‌కి ఎక్కాలు రావేమో. నాకొచ్చు."

గళ్ళు కొట్టేసి, మన పద్ధతిలో చేయించేదాన్ని. తప్పు చేస్తే అరిచేదాన్ని. కొట్టలేదు, ఆ ఒక్క విషయంలో నన్ను నేను మెచ్చుకునేదాన్ని కూడా. అరుపు పక్కింటికి వినిపిస్తుందని మావారు టీవీ సౌండు పెంచేవారు. కొన్నాళ్ళకు అది హోంవర్కు తీయడమే మానేసింది. ఏదే అంటే, ఇవాళ లేదు అనేది. నాకు లెక్కలు రావు, రానివాళ్ళకి రావంతే అని ఇంగ్లీషులో తేల్చిచెప్పేది. లెక్కల టీచరు కూతురి నోట ఆ మాట! నాకు తలకొట్టేసినట్టు ఉండేది. అది నాకు దూరమవుతోందని తెలుస్తూనే ఉంది. ఏం చేస్తే దగ్గరవుతుందో తెలియక ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

అక్టోబరులో హాఫ్ టర్మ్ సెలవులొచ్చాయి. నేను ఆడుతుంటే అది వచ్చి కుర్చీ వెనక నిలబడింది. పొమ్మంటే పోలేదు. చాలా రోజుల తర్వాత తనంతట తానుగా నా దగ్గరికొచ్చింది కదా అని నేనూ ఊరుకున్నాను. దానికి తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"ఆ రెండూ ఎందుకు పారేశావు?"

"ఏడూ, రెండూ. పనికిరాని ముక్కలు."

"పారేస్తే ఓడిపోయినట్టు కాదా?"

"కాదే పిచ్చిదానా. చెత్త ముక్కలతో కూర్చుంటే చాలా పోతుంది. పారేస్తే కొంచెమే పోతుంది. తెలివైనవాళ్ళు పారేసి ఊరుకుంటారు."

అది తల ఊపి ఇంకాసేపు చూసింది. మర్నాడూ వచ్చింది. మూడోరోజు, "అమ్మా, నువ్వు పందెం పెంచితే అందరూ పారిపోతున్నారు. నీకు మంచి ముక్కలుంటేనే పెంచుతావని వాళ్ళకి తెలిసిపోయింది," అంది. నేను నోరు తెరిచి దాని వంక చూశాను. గైడును బట్టీపట్టి తలుపు మీద రాసిందల్లా వరస తప్పకుండా ఆడుతున్నదాన్ని నేను. ఎనిమిదేళ్ళ పిల్ల నిలబడి చూసి నా ఆట ఇట్టే పట్టేసింది. దానికి లెక్కలు రాకపోవడమేమిటి! ఆ వారం నేనెంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

నవంబరులో బళ్ళో పేరెంట్స్ ఈవెనింగ్‌కి పిలిచారు. మోకాళ్ళెత్తు కుర్చీల్లో నేనూ మావారూ ఒదిగి కూర్చున్నాం. టీచరమ్మ చాలా మర్యాదగా మాట్లాడి, లెక్కల పరీక్ష కాగితం మా ముందు పెట్టింది. ఇరవై ప్రశ్నలు. పైన పేరు తప్ప ఒక్క అక్షరం లేదు, ఒక్క అంకె లేదు. నోటితో అడిగితే చెబుతుందనీ, కాగితం ఇస్తే మాత్రం పెన్సిల్ కింద పెట్టేస్తోందనీ చెప్పింది. ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని మెల్లగా అడిగింది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఆ సిగ్గు దారిలోనే కోపమైంది.

ఇంటికి రాగానే కాగితం టేబుల్ మీద పెట్టి అడిగాను. "ఇరవైలో ఒక్కటి కూడా రాదా నీకు?"

"కొన్ని వచ్చు."

"మరి రాయడానికి ఏం రోగం?"

అది భయపడలేదు. ఏడవలేదు. ఆట గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఆ కాగితం నీకు చూపిస్తారు కదా. తప్పు రాస్తే నువ్వు చాలా అరుస్తావు. ఏమీ రాయకపోతే కొంచెమే అరుస్తావు. అందుకని ఫోల్డ్ చేశాను."

మావారు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. నేను మంచినీళ్ళ కోసం లేచాను గానీ, సింకు దగ్గరికి వెళ్ళాక కొళాయి తిప్పి గ్లాసు పెట్టడం మరిచిపోయాను. చిన్నపిల్ల, నా అరుపుల్ని కొలుచుకుని, పెద్దదేదో చిన్నదేదో చూసుకుని, చిన్నది ఎంచుకుంది. లెక్క తప్పలేదు. దాని స్థానంలో ఏ తెలివైనవాడైనా అదే చేస్తాడు. నేను ఏడ్చాను. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన పక్కకొచ్చి, "నేను టీవీ సౌండు పెంచకుండా నోరు తెరవాల్సింది. తప్పు నాది కూడా," అన్నారు.

"నా క్లాసులో పిల్లలు డౌట్లు అడిగేవాళ్ళు కాదు. అంత బాగా చెబుతున్నాననుకున్నాను," అన్నాను.

తొమ్మిదేళ్ళపాటు ఎనభై మంది చొప్పున నా ముందు ఊపిరి బిగబట్టి కూర్చున్న మొహాలు గుర్తొచ్చాయి. వాళ్ళకి ఇప్పుడు నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

పోకర్ మానేశావా అని అడుగుతారేమో. మానలేదు. ఆటలో తప్పేముంది, తప్పు నా నోటిది. మర్నాడు సాయంత్రం మా అమ్మాయిని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, "ఆ గళ్ళ పద్ధతి నాకు నేర్పు," అన్నాను. అది అనుమానంగా చూసింది. నిజంగానే రాదన్నాను. నిజంగానే రాదు మరి, ఎప్పుడైనా విన్నానా? కాసేపు గింజుకుని ఒప్పుకుంది.

నలభై ఆరుని ఏడుతో హెచ్చవేస్తే ఎంత అని లెక్క వేసింది. రెండు గళ్ళు గీసింది. నలభై ఏళ్ళు రెండువందల ఎనభై అని రాసింది. ఆరేళ్ళు నలభై ఎనిమిది అని రాసింది. నాలుక చివర నలభై రెండు సిద్ధంగా ఉంది. రెండు చేతులూ టేబుల్ కిందికి తీసుకుని వేళ్ళు వేళ్ళు బిగించుకున్నాను. అది కలిపి మూడువందల ఇరవై ఎనిమిది అని రాసి, పెన్సిల్ ఆపి, తలెత్తింది.

"కరెక్టా?"

"తెలీదు. నువ్వే చెప్పు."

అది నా మొహం వంక చూసింది. కనుబొమ్మల దగ్గర చూసింది, పెదవుల దగ్గర చూసింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నట్టు చూసింది. ఇన్నాళ్ళూ లెక్క చేసిన ప్రతిసారీ దాని కళ్ళు ఉన్నది అక్కడేనని నాకు అప్పుడు తెలిసింది. నేను కదల్లేదు. చాలాసేపు వెతికింది. నా మొహంలో ఏమీ దొరక్క, చివరికి కాగితం వంక చూసింది.